అంగీ మీది ప్యాచ్, అణా పైసల లెక్క

దుబాయ్‌లో సత్వా బస్ స్టేషన్ దాటి లోపలి వీధుల్లోకి వెళ్తే వరసగా దర్జీ కొట్లు. పోయిన నెల ఒక గురువారం రాత్రి అలాంటి కొట్టు ముందు ముగ్గురం నిలబడ్డాం: నేను, మా పై అంతస్తులో ఉండే జగిత్యాల ఆయన, ఆయన పద్నాలుగేళ్ల కొడుకు. పిల్లాడి చేతిలో నీలం రంగు గీ ఉంది. గీ అంటే జియు జిట్సు ఆడేవాళ్లు వేసుకునే మందపాటి నూలు అంగీ. పట్టుకుని లాగినా చిరగదు. దాని వీపు మీదున్న పాత అకాడమీ ప్యాచ్ తీసేసి కొత్త అకాడమీ ప్యాచ్ కుట్టాలి.

హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన దర్జీ మాస్టర్ బ్లేడుతో కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. ప్యాచ్ ఊడివచ్చింది. చుట్టూ ఉతికి ఉతికి పాలిపోయిన నీలం, మధ్యలో మాత్రం కొన్న రోజు నాటి ముదురు నీలం, పళ్లెమంత గుండ్రంగా. "కొత్తది దీనికంటే పెద్దదే, మచ్చ కప్పేస్తది" అంటూ మాస్టర్ మిషన్‌కి పద్దెనిమిదో నంబరు సూది ఎక్కించాడు. మామూలు సూది అయితే ఈ గుడ్డకి పుటుక్కున విరిగిపోతుందట.

జగిత్యాల ఆయన నన్ను తోడు తీసుకెళ్లింది అంగీ కోసం కాదు. "అన్నా, నువ్వు లెక్కలు రాసెటోనివి గదా. కొత్త అకాడమోళ్లు ఫీజు లేకుంట నేర్పుతమంటున్నరు. వీడేమో మూడొందల దిర్హాముల వీడియో కొనియ్యమని పానం తీస్తున్నడు. రెండూ జర చూడు" అన్నాడు. నేను చేసేది అకౌంట్స్ పనే కాబట్టి కాదనలేకపోయాను. కరామాలో, షార్జాలో పిల్లల్ని ఈ ఆటకి పంపే మనవాళ్లు ఇదే ప్రశ్న వేరువేరుగా నన్ను ఇంతకుముందు కూడా అడిగారు. అందుకని ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

ఆట గురించి రెండు ముక్కలు. ఇందులో గుద్దులూ తన్నులూ ఉండవు. ఎదుటివాణ్ణి కింద పడేసి, పట్టు బిగించి, వాడు చేత్తో తట్టి ఒప్పుకునేదాకా వదలకపోవడమే ఆట. మన కుస్తీకి దూరపు చుట్టం. జపాన్‌లో పుట్టి, బ్రెజిల్‌లో గ్రేసీ కుటుంబం చేతిలో కొత్త రూపు దిద్దుకుంది. ఎమిరేట్స్‌లో ఇంతగా పాతుకుపోవడానికి కారణం షేక్ తహనూన్ బిన్ జాయెద్. అమెరికాలో ఉన్నప్పుడు నేర్చుకున్న ఆటని వెంట తెచ్చుకుని, అబుదాబి కంబాట్ క్లబ్ పెట్టి, 1998లో ఏడీసీసీ పేరుతో ప్రపంచ స్థాయి పోటీ మొదలుపెట్టారు. పట్టు ఆటలు ఆడేవాళ్లకి ఇప్పటికీ అదే పెద్ద పండగ.

ఇక పిల్లాడు అడిగిన వీడియో. దీన్ని ఇన్‌స్ట్రక్షనల్ అంటారు, అంటే పేరున్న ఆటగాడు ఒక పట్టునో ఒక పద్ధతినో గంటల తరబడి విడమరచి చెప్పిన పాఠాల కట్ట. కొత్త సరుకేమీ కాదు. గ్రేసీలు వీహెచ్ఎస్ క్యాసెట్ల కాలంలోనే పాఠాలు అమ్మారు. తర్వాత డీవీడీలొచ్చాయి, ఇప్పుడు సైట్లో కొని ఫోన్‌లో చూసుకోవడమే. బెర్నార్డో ఫారియా అనే బ్రెజిల్ చాంపియన్ భాగస్వామిగా నడిచే బీజేజే ఫెనాటిక్స్ ఈ బజారులో పెద్ద కొట్టు. జాన్ డానహర్ అనే కోచ్ 2018లో గంటల కొద్దీ సాగే పాఠాల వరస విడుదల చేశాక, పొడవాటి కోర్సు కొనడం అందరికీ అలవాటైపోయింది.

మనవాడు అడిగింది 77 డాలర్లది, 8 గంటల నిడివి. 1997 నుంచి డాలరుకి 3.6725 దిర్హాములే కాబట్టి లెక్క తేలిక: 283 దిర్హాములు. ఒకే జోన్‌లో బస్సు టికెట్ 3 దిర్హాములు, అంటే 94 బస్సు ప్రయాణాలు. కార్డు మీద విదేశీ కరెన్సీ రుసుము బ్యాంకు విడిగా వేస్తుంది, అది మర్చిపోకండి. అసలు ధర మీద గీత కొట్టి పక్కన తగ్గింపు ధర వేసి ఉంటే తొందరపడకండి. ఏడాది పొడుగునా 'క్లోజింగ్ సేల్' బోర్డు వేలాడే బట్టల కొట్లు మన దుబాయ్‌లో ఎవరు చూడలేదు?

"క్లాసు కన్నా చవకే కదా?" అని పిల్లాడి వాదన. చూద్దాం. పాత అకాడమీలో నెలకి 400 దిర్హాములు, వారానికి 3 క్లాసులు, క్లాసుకి గంట. అంటే గంటకి 33 దిర్హాములు. వీడియో 283ని 8తో భాగిస్తే గంటకి 35. దాదాపు సమానం. కాని పద్నాలుగేళ్ల పిల్లలు ఎనిమిది గంటలూ చూస్తారా? మొదటి గంటన్నర చూసి వదిలేస్తే గంటకి 189 దిర్హాములు పడినట్టు. పైగా క్లాసులో కోచ్ వచ్చి "మోచెయ్యి లోపలికి పెట్టు" అని సరిచేస్తాడు. వీడియో ఎన్నిసార్లయినా చెబుతుంది కాని, ఒక్కసారి కూడా నిన్ను చూడదు.

చూసింది ఒంటికి పట్టాలంటే ఇంకో లెక్క ఉంది. ఒక కట్టలో 40 పట్లున్నాయనుకుందాం. ఒక్కోటి ఆరుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు జతగాడితో సాధన చేస్తే పట్టుకి 2 గంటలు, మొత్తం 80 గంటలు. క్లాసు కాకుండా వారానికి విడిగా ఒక గంట దొరికితే 80 వారాలు, అంటే ఏడాదిన్నర. అందువల్ల నా సలహా: ఒక కట్ట కొంటే ఏడాదిన్నర దాకా రెండోది కొనొద్దు. కొన్న ఒక్కటీ ఇప్పుడు నేర్చుకుంటున్న విషయం మీదే ఉండాలి.

ఈ చివరి మాట ఎందుకన్నానంటే, మనవాడు ఎంచుకున్నది హీల్ హుక్ పాఠం. మడమని ఒడిసిపట్టి తిప్పితే ఆ మెలిక మోకాలికి తగిలే పట్టు అది. నొప్పి తెలిసేలోపే కీలు దెబ్బతినే ప్రమాదముంది. అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు జిట్సు సమాఖ్య, ఐబీజేజేఎఫ్ పోటీల్లో అది పెద్దలకే, అదీ బ్రౌన్, బ్లాక్ బెల్టులకే, గీ లేని విభాగంలోనే చెల్లుతుంది. మనవాడు ఆడేది గీ వేసుకునే, వయసు పద్నాలుగు. ఆ పాఠం వాడికి అక్కరకొచ్చేసరికి గడ్డం వచ్చేస్తుంది. తండ్రికి ఈ ముక్క చెప్పగానే 283 దిర్హాముల గొడవ అక్కడికక్కడే తీరిపోయింది. పిల్లాడు మాత్రం ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడలేదు.

అంతంత పెద్ద చాంపియన్లు ఆటాడుకోక ఈ వీడియోలెందుకు అమ్ముతారని మీకు అనుమానం రావచ్చు. బతకాలి కనుక. 2024 ఏడీసీసీలో మగవాళ్ల బరువు విభాగంలో గెలిచినవాడికి వచ్చిన సొమ్ము 10,000 డాలర్లు, మన 36,725 దిర్హాములు. ఆ పోటీ మామూలుగా రెండేళ్లకోసారి జరుగుతుంది. 24 నెలలకి పంచితే నెలకి 1,530 దిర్హాములు. సత్వాలో బెడ్‌స్పేస్ అద్దె, మెస్ బిల్లు కట్టేశాక ఫోన్ రీచార్జికి మిగిలితే గొప్ప. ప్రపంచంలో మొదటివాడి బతుకు ఇది. రెండోవాడికి 5,000 డాలర్లే, అంటే నెలకి 765 దిర్హాములు. అదే 77 డాలర్ల కట్టలు 130 అమ్ముడైతే, ఆ డబ్బంతా తన చేతికే వస్తే, ప్రపంచ విజేత సొమ్ముకి సరిపోతుంది. సగం కొట్టువాడికి పోయినా 260 కట్టలు చాలు. ఎవరు మాత్రం అమ్మరు?

అసలు మెలిక ఇక్కడే ఉంది. గెలుపు వల్ల వచ్చే డబ్బు తక్కువ, గెలిచానని చెప్పుకుంటే వచ్చే డబ్బు ఎక్కువ. పతకం సరుకు మీది లేబుల్ అయిపోయింది. లేబుల్‌కి విలువ ఉన్నచోట దాన్ని తయారు చేసుకునేవాళ్లుంటారు, తయారైనదాన్ని తెచ్చుకునేవాళ్లూ ఉంటారు. పెద్ద అకాడమీలు చిన్న అకాడమీల్లోంచి పతకాల పిల్లల్ని పిలిచి ఉచితంగా చేర్చుకోవడం వెనక ఉన్నది ఇదే.

గెలుపుని లేబుల్‌గా వాడుకోవడం ఇవాళ్టి రోగమూ కాదు. 1993 నవంబర్ 12న డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ కొట్లాట పోటీని మొదలుపెట్టినవాళ్లలో ఒకడు రోరియన్ గ్రేసీ. తమ కుటుంబం తరఫున బరిలోకి దింపింది తమ్ముడు రాయిస్‌ని, సుమారు 80 కిలోల బక్కపలచని మనిషిని. ఇంత సన్ననివాడు గెలిస్తే విద్య గొప్పదని జనం నమ్ముతారు కదా! రాయిస్ గెలిచాడు, 50,000 డాలర్లు వచ్చాయి. ఆ తర్వాత గ్రేసీ విద్యకి వచ్చిన గిరాకీ ముందు ఆ సొమ్ము చిల్లరే. అయితే వాళ్లు బరిలోకి దింపింది ఇంట్లో పెరిగిన పిల్లాణ్ణి. ఆ తేడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు మనవాడి సంగతి. ఎనిమిదో ఏట చేరాడు. వారానికి 3 గంటలు, సెలవులు పోను ఏడాదికి 48 వారాలు, అంటే ఏడాదికి 144 గంటలు. ఆరేళ్లకి 864 గంటలు. ఇంకో రెండు నెలల్లో పోటీ ఉంది. కొత్త అకాడమీలో అప్పటికి చేసేది 8 వారాలు, 24 గంటలు. వాడు గెలిచాడనుకోండి, ఫోటో ఎక్కేది కొత్త అకాడమీ గోడకి. మొత్తం 888 గంటల్లో వాళ్ల వాటా 24, నూటికి 2.7. రూపాయికి పదహారణాల చొప్పున చూస్తే అర్ధణా కూడా నిండలేదు. మిగతా పదిహేనున్నర అణాలు పాత కోచ్‌వి.

కొత్త కోచ్ నేర్పేదాంట్లో విలువ లేదని నేననను. పదును పెట్టడం కూడా పనే. ఆ చివరి అర్ధణాయే ఓటమిని గెలుపుగా మార్చవచ్చు. కాని ఆ గోడ మీద ఫోటో చూసి రేపు ఇంకో తండ్రి తన ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి తెచ్చి చేర్పిస్తాడు. ఆయనకి కావలసింది పదును పెట్టేవాడు కాదు, ఇనుముని కత్తి చేసేవాడు. వీడియో అట్ట మీద పతకం చూసి కొనేవాడికీ ఇదే చిక్కు. అట్ట మీది మనిషి గెలవగలడని పతకం చెబుతుంది, నేర్పగలడని చెప్పదు.

దీన్ని పసిగట్టడానికి బెల్టుల లెక్క పనికొస్తుంది. ఐబీజేజేఎఫ్ నియమం ప్రకారం పెద్దవాళ్లు బ్లూ బెల్టులో కనీసం 2 ఏళ్లు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఏడాది ఉండాలి. కొన్ని మినహాయింపులు తప్ప, బ్లూ నుంచి బ్లాక్‌కి నాలుగున్నర ఏళ్ల కన్నా ముందు చేరలేరు. తెల్ల బెల్టు నుంచి లెక్కిస్తే చాలామందికి పదేళ్లు పడుతుంది. మూడేళ్ల కిందట తెరిచిన అకాడమీ గోడ మీద అయిదుగురు బ్లాక్ బెల్టు విజేతలుంటే, వాళ్లు అక్కడ పెరిగినవాళ్లు కాదని వేళ్ల మీద లెక్కేసి చెప్పొచ్చు. అడిగితే తప్పేం కాదు: "మీ దగ్గర తెల్ల బెల్టుతో చేరి, మీ చేతి మీదుగా బ్లూ కట్టుకున్న పిల్లలెవరు?"

"ఫీజు లేదంటున్నరు గదన్నా, ఏడాదికి 4,800 మిగిలినట్టే గదా?" అన్నాడు జగిత్యాల ఆయన. అక్కడే, దర్జీ కొట్టు బల్ల మీద, బిల్లు వెనక రాశాం. పాత అకాడమీకి నడిచి వెళ్తాడు. కొత్తదానికి రెండు జోన్లు, బస్సుకి 5 దిర్హాములు, రానూపోనూ 10. ఏడాదికి 144 క్లాసులు కనుక 1,440. ఇదివరకు ఏడాదికి రెండు పోటీలు ఆడేవాడు, ఇప్పుడు ఎనిమిది ఆడి తీరాలట. ప్రవేశ రుసుము పోటీకి 200 చొప్పున అదనంగా 1,200. వాళ్ల ముద్ర ఉన్న గీలే వేసుకోవాలి, అవి రెండు, 1,000. మొత్తం 3,640. మిగిలేది 1,160, నెలకి వంద దిర్హాములు కూడా కాదు. ఆ వందకి బదులుగా వాళ్లకి దొరికేవి పిల్లాడి పతకాలూ, ఫోటోలూ, ఆదివారాలూ. ఓడిపోతే, మోకాలు దెబ్బతింటే ఫీజు మళ్లీ మొదలవుతుందా అన్నదానికి జవాబు కాగితం మీద ఎక్కడా లేదు. ఇంత చెప్పినా ఆ ఒప్పందం మోసమనను. లెక్క చెప్పకుండా 'ఉచితం' అనడం మాత్రం నాకు నచ్చదు.

అయితే అకాడమీ మారడం ద్రోహమా? బ్రెజిల్‌లో దానికో తిట్టు ఉంది: క్రియోంచీ. అక్కడి 'మండాలా' అనే టీవీ సీరియల్‌లోని ఒక పాత్ర పేరు. గురువు కార్ల్‌సన్ గ్రేసీ జట్టు మారినవాళ్లని ఆ పేరుతో తిట్టేవాడు, అది ఆట భాషలో స్థిరపడిపోయింది. 2000లో ఆయన శిష్యుల్లో ముఖ్యులు, మురిలో బుస్టమాంటే, మారియో స్పెర్రీ వంటివాళ్లు, విడిపోయి బ్రెజిలియన్ టాప్ టీమ్ పెట్టుకున్నారు. 2021లో డానహర్ జట్టు కూడా రెండుగా చీలింది. ఫీజు కట్టి నేర్చుకునే మనిషిని జీవితాంతం కట్టిపడేసే హక్కు ఏ గురువుకీ లేదని నా అభిప్రాయం. ఫీజు కట్టిన పిల్లాడు ద్రోహి ఎలా అవుతాడు? తప్పు పట్టాల్సి వస్తే పిలిచినవాడి తీరుని పట్టాలి. తండ్రితో మాట్లాడాడా, పిల్లాడి ఫోన్‌కి నేరుగా మెసేజ్ పెట్టాడా? పాత కోచ్‌కి ఒక మాట చెప్పాడా? మనవాడికి వచ్చింది మెసేజే, అదీ పోటీ జరుగుతుండగా.

ఇలాంటివాటికి నియమాలు వేరేచోట్ల ఉన్నాయి. సత్వాలో ఉద్యోగం చేసే ఎవర్నడిగినా చెబుతారు: 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న ఎమిరేట్స్ కార్మిక చట్టం ప్రకారం, ప్రొబేషన్‌లో ఉన్న మనిషి ఇక్కడే వేరే కంపెనీకి మారాలంటే నెల ముందు చెప్పాలి. వేరే ఒప్పందం లేకపోతే, మొదటి కంపెనీ నియామకానికి పెట్టిన ఖర్చు కొత్త కంపెనీ తిరిగివ్వాలి. మనిషిని ఆపలేదు, పెట్టినవాడి సొమ్మూ ముంచలేదు.

ఫుట్‌బాల్‌లో ఇంకా వివరంగా ఉంది. ఒప్పందంలో ఉన్న ఆటగాణ్ణి ఒక క్లబ్ ఇంకో క్లబ్‌కి అమ్మితే, ఫిఫా నియమం కింద ఆ సొమ్ములో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల వయసు మధ్య తయారు చేసిన క్లబ్‌లకి పోతుంది. మొదటి నాలుగేళ్లకి ఏడాదికి పావు శాతం, తర్వాతి ఎనిమిదేళ్లకి అర శాతం. పది లక్షల దిర్హాముల బేరమైతే, 12 నుంచి 15 దాకా నేర్పిన చిన్న క్లబ్‌కి 10,000 దిర్హాములు వస్తాయి. మైదానానికి గడ్డి వేసుకోవడానికి పనికొస్తుంది. జియు జిట్సు అకాడమీల మధ్య అమ్మకమే లేదు, అంతా మాట మీద, మెసేజ్ మీద. అమ్మకం లేనిచోట వాటా ఎక్కణ్ణుంచి వస్తుంది? పాత కోచ్‌కి మిగిలేది అంగీ మీది ముదురు నీలం మచ్చే.

పోటీలు నిర్వహించేవాళ్ల మధ్య కూడా ఒకరి ఆటగాళ్లని ఇంకొకరు పిలుచుకునే ఈ బేరం జరిగింది, కాకపోతే బాహాటంగా. 2024 ఆగస్టులో లాస్ వేగాస్‌లో ఏడీసీసీ జరుగుతున్న వారాంతంలోనే, అదే ఊళ్లో క్రెయిగ్ జోన్స్ పోటీగా ఇంకో పోటీ పెట్టాడు. ఈయన 2019లో, 2022లో ఏడీసీసీలో రెండో స్థానం దగ్గరే ఆగిపోయినవాడు, వీడియో పాఠాలు అమ్ముకునేవాడు కూడా. బరిలోకి వచ్చిన ప్రతివాడికీ 10,001 డాలర్లన్నాడు. ఏడీసీసీ విజేత సొమ్ము కన్నా సరిగ్గా ఒక డాలరు ఎక్కువ! రెండు విభాగాలు, 32 మంది, రాకకే 3,20,032 డాలర్లు. విజేతకి పది లక్షల డాలర్లు, అంటే 36,72,500 దిర్హాములు. దిర్హాముకి 23 రూపాయలనుకుంటే 8 కోట్ల 44 లక్షల పైచిలుకు. 2022లో ఏడీసీసీ గెలిచిన కేడ్ రువొటోలో ఇటొచ్చాడు, తన విభాగం గెలిచాడు. అవతలివాడి పండగ రోజే చూసి పందిరి వెయ్యడంలో చిలిపితనం ఉంది, కొంత కక్షా ఉంది. అయినా ఈ పిలుపుని నేను తప్పు పట్టను. ధర అందరికీ తెలిసేలా చెప్పాడు, పిలిచింది పెద్దవాళ్లని, డబ్బు ఆటగాడి చేతికే వెళ్లింది. పద్నాలుగేళ్ల పిల్లాడికి వచ్చే మెసేజ్‌లో ఈ మూడూ లేవు.

కొన్న ఆటగాడితోనే గెలుపు వస్తుందన్న నమ్మకం ఉన్నవాళ్లకి మన కబడ్డీ గుర్తు చేస్తాను. 2023 ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్ల రూపాయలు పెట్టి తెచ్చుకుంది. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లకి గెలిచినవి 2, పట్టికలో అట్టడుగు. తప్పు పవన్‌ది కాదు. చుట్టూ ఆరుగురు కావాలి.

అబుదాబి పద్ధతి వేరు. 2008లో 14 బడుల్లో ఈ ఆటని పాఠంగా పెట్టారు. బ్రెజిల్ నుంచి కోచ్‌లని రప్పించారు. పతకం తెచ్చేవాణ్ణి కాక నేర్పేవాణ్ణి జీతమిచ్చి తెచ్చుకోవడం అన్నమాట. పదేళ్లకి, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో జియు జిట్సు మొదటిసారి చేరినప్పుడు, ఎమిరేట్స్ రెండు స్వర్ణాలు గెలిచింది. అందులో ఒకటి ఫైసల్ అల్ కెత్బీది. చేతిలో డబ్బున్న దేశం కూడా పదేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆ రాత్రి మాస్టర్ కొత్త ప్యాచ్‌ని అంగీ మీద పరిచి, నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చి, మా లెక్క అయ్యేదాకా ఓపికగా కూర్చున్నాడు. జగిత్యాల ఆయన కొత్త అకాడమీకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలడిగాడు: దెబ్బ తగిలితే ఫీజు సంగతేంటి, ఎనిమిది పోటీల ఖర్చెవరిది, పిల్లాడి ఫోటో వాడుకునే ముందు తనని అడుగుతారా. కాగితం మీద రాసి పంపిస్తామన్నారు. తర్వాత పాత కోచ్‌కి చేశాడు. "శనివారం తీసుకురండి, పోతే పోనివ్వండి, చేయి కలిపి పోతాడు" అన్నాడట ఆయన.

కాగితం ఇంకా రాలేదు. గీ కొట్లోనే హ్యాంగర్‌కి వేలాడుతోంది, గుండుసూదులతో సహా. పాత ప్యాచ్‌ని పిల్లాడు స్కూలు బ్యాగు ముందు జేబులో పెట్టుకున్నాడు. మాస్టర్ నిన్న దారిలో కనపడి, కుట్టినా కుట్టకపోయినా ఊడదీసిన కూలి 10 దిర్హాములు మాత్రం ఇచ్చి వెళ్లమన్నాడు.